ఖజానాను లెక్క అడిగిన బాబాసాహెబ్



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సార్ ఫోన్ చేసినప్పుడు, డాక్టర్ అంబేద్కర్ జీవితం రాస్తానన్నాను. సార్ నవ్వారు. ప్రతి సంచికలోనూ అంబేద్కర్ మీద ఒక వ్యాసం ఉంటుంది కదా, కొత్తగా ఏం రాస్తావని అడిగారు. నిజమే. నేను పదో తరగతిలో ఉండగా రాసిన వ్యాసం కూడా ఆయన మీదే. రాజ్యాంగ నిర్మాత, అణగారిన వర్గాల ఆశాజ్యోతి అని రెండు పేజీలు నింపాను. కానీ ఆయన చదివింది ఏమిటో, పాతికేళ్ళ వయసులో ఏ విషయం మీద పరిశోధన చేశారో అప్పుడు నాకు తెలియదు. ఎం.ఎ. అర్థశాస్త్రంలో చేరాకే తెలిసింది. ఆయన చదివింది పన్నుల గురించి, ప్రభుత్వ ఖర్చు గురించి, అప్పుల గురించి.

దీన్ని రాయాలనిపించడానికి ఇంకో కారణం కూడా ఉంది. గత సంక్రాంతికి బస్సులో ఊరికి వెళ్తున్నాను. పక్క సీట్లో ఒక పెద్దమనిషి ధరల గురించి, పన్నుల గురించి, ప్రభుత్వం చేస్తున్న అప్పుల గురించి కోపంగా మాట్లాడుతున్నారు. చుట్టుపక్కల వాళ్ళంతా అవునవునన్నారు. నేనూ తలూపాను. కాసేపటికి నన్ను ఎక్కడ చదువుతున్నావని అడిగి, చిన్నప్పటి నుంచీ సాంఘిక సంక్షేమ హాస్టల్లోనే చదివానని తెలుసుకుని, తమలాంటి వాళ్ళు కట్టే పన్నులన్నీ ఇలా ఉచిత భోజనాలకే పోతున్నాయన్నారు. నాకు నోట మాట రాలేదు. తల దించుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. దిగేటప్పుడు ఆయనే నా సంచి అందించారు. చెడ్డ మనిషి కాదు. ఆయన కోపంలో అబద్ధమూ లేదు. మరి నేనెందుకు తల దించుకున్నాను? ఈ ప్రశ్నకు జవాబు నాకు బాబాసాహెబ్ జీవితంలో దొరికింది.

చెరువు పనికి వెళ్ళే దారిలో

భీమ్‌రావ్ 1891 ఏప్రిల్ 14న మధ్యభారతంలోని మౌ కంటోన్మెంట్‌లో పుట్టారు. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదార్. తల్లి భీమాబాయి ఆయన చిన్నతనంలోనే చనిపోయారు. కుటుంబం సతారాలో స్థిరపడింది. బడిలో కూర్చోవడానికి ఇంటి నుంచి గోనెసంచి తెచ్చుకోవాలి. దాహమేస్తే కుళాయిని తాకకూడదు. నౌకరు వచ్చి తిప్పితేనే నీళ్ళు. ఆ రోజు నౌకరు లేకపోతే నీళ్ళూ లేవు. అది ప్రభుత్వ బడి, నౌకరు జీతం ప్రభుత్వానిదే, కుళాయి కూడా జనం డబ్బుతో వేయించినదే.

1901లో జరిగిన ఒక ప్రయాణాన్ని ఆయన చివరిదాకా మరిచిపోలేదు. తండ్రి అప్పుడు సతారా జిల్లా గోరేగావ్‌లో క్యాషియర్‌గా పనిచేస్తున్నారు. కరువు బాధితులకు పని కల్పించడానికి బొంబాయి ప్రభుత్వం అక్కడ చెరువు తవ్విస్తోంది. వేసవి సెలవులకు రమ్మని తండ్రి రాస్తే పిల్లలు కొత్త బట్టలు కట్టుకుని రైలెక్కారు. వాళ్ళు వస్తున్నట్టు రాసిన ఉత్తరం తండ్రికి అందలేదు. స్టేషన్‌కు ఎవరూ రాలేదు. కులం తెలిశాక బండివాళ్ళెవరూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు, అదీ బండి పిల్లలే తోలుకుంటే తాను పక్కన నడుస్తానన్న షరతు మీద. చీకటి పడ్డాక దారిలో టోలు వసూలు చేసే గుమస్తా గుడిసె దగ్గర నీళ్ళడిగితే ఆయన కూడా ఇవ్వలేదు. టిఫిన్ క్యారియర్ నిండా అన్నం ఉన్నా, తాగడానికి నీళ్ళు లేక ఆ రాత్రి పిల్లలు పస్తు పడుకున్నారు.

తమ్ముళ్ళూ, ఒక్క క్షణం ఆలోచించండి. ప్రభుత్వం జనం డబ్బుతో చెరువు తవ్విస్తోంది. ఆ పని లెక్కలు రాసే ఉద్యోగి కొడుకుకు దారిలో గుక్కెడు నీళ్ళు లేవు. జనం సొమ్ము అనే మాటలో జనం అంటే ఎవరు? ఈ ప్రశ్న భీమ్‌రావ్ జీవితమంతా ఆయన వెంటే నడిచింది.

తర్వాత కుటుంబం బొంబాయి వచ్చింది. పరేల్‌లో కార్మికులుండే చాల్‌లో ఒకే గది. 1907లో మెట్రిక్ పాసయ్యారు. బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చదివి 1912లో బి.ఎ. పూర్తి చేశారు. 1913లో అదే మహారాజు సాయంతో అమెరికా వెళ్ళి న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. చదువు అయ్యాక బరోడా సంస్థానంలో పదేళ్ళు పనిచేయాలని ఒప్పందం. ఆ స్కాలర్‌షిప్ కూడా ఒక సంస్థాన ఖజానా నుంచి వచ్చినదే. అంటే బరోడా రైతులు కట్టిన శిస్తులో ఒక పాలు ఆయన చదువుకు చేరింది. ఆయన దాన్ని భిక్షగా తీసుకోలేదు, బాధ్యతగా తీసుకున్నారు.

కంపెనీ అప్పు, మన నెత్తిన

కొలంబియాలో ఆయన గురువు ఎడ్విన్ సెలిగ్‌మన్. పన్నుల శాస్త్రంలో అప్పట్లో ప్రపంచమంతా పేరున్న ఆచార్యుడు. అక్కడ అంబేద్కర్ రోజుకు ఎన్నో గంటలు లైబ్రరీలోనే గడిపేవారు. 1915లో ఈస్టిండియా కంపెనీ పరిపాలన, ఆర్థిక వ్యవహారాల మీద ఒక వ్యాసం రాశారు. అప్పటికి ఆయనకు 24 ఏళ్ళు, నాకంటే ఒక్క ఏడాది పెద్ద.

ఆ కాలపు లెక్కలు చూస్తే ఎవరికైనా కోపం వస్తుంది. 1833 చట్టంతో కంపెనీ వ్యాపారం మానేసింది. అయినా కంపెనీ వాటాదారులకు ఏటా పదిన్నర శాతం లాభం భారతదేశపు ఆదాయంలోంచి ఇవ్వాలని నిర్ణయించారు. వాటాల మొత్తం 60 లక్షల పౌండ్లు. అంటే ఏటా 6 లక్షల 30 వేల పౌండ్లు, వ్యాపారం చేయని కంపెనీకి లాభం! 1874లో కంపెనీని పూర్తిగా మూసేసినప్పుడు ప్రతి 100 పౌండ్ల వాటాకు 200 పౌండ్లు లెక్కగట్టి తీర్చారు. ఆ భారం కూడా భారతదేశం మీదే పడింది. 1857 తిరుగుబాటును అణచడానికైన ఖర్చు సైతం మన ఖాతాలోనే రాశారు. మనల్ని గెలవడానికి, మనల్ని అణచడానికి అయిన ఖర్చు మనమే కట్టామన్నమాట. కట్టింది ఎవరు? పొలం దున్నేవాడు శిస్తు రూపంలో, కూలివాడు ఉప్పు పన్ను రూపంలో కట్టారు. ఉప్పు లేకుండా రాజూ తినలేడు, కూలీ తినలేడు. కానీ రాజుకు ఆ పన్ను తెలియదు, కూలీకి తెలుస్తుంది.

1916లో ఆయన కొలంబియాకు సమర్పించిన పిహెచ్.డి. పరిశోధన 1925లో 'బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ పరిణామం' అనే గ్రంథంగా వెలువడింది. సెలిగ్‌మన్ ముందుమాట రాశారు. పేరు చూస్తే భయమేస్తుంది కానీ విషయం సులువే. 1833 నుంచి దేశంలో వసూలైన సొమ్మంతా ఒకే ఖజానాకు, కలకత్తా ప్రభుత్వానికి చేరేది. మద్రాసులో బడి కట్టాలన్నా, బొంబాయిలో రోడ్డు వేయాలన్నా కలకత్తాను అడగాలి. పొదుపు చేసిన రాష్ట్రానికి లాభం లేదు, దుబారా చేసిన రాష్ట్రానికి నష్టం లేదు. ఎవరు గట్టిగా అరిస్తే వారికి ఎక్కువ దక్కేది. ఖర్చు పెట్టేవాడు ఒకడు, వసూలు చేసేవాడు ఒకడు, కట్టేవాడు ఇంకొకడు. కట్టేవాడికి అడిగే హక్కు లేదు.

తిరుగుబాటు తర్వాత అప్పు పెరిగి, లోటు పూడ్చడానికి 1860లో ఆదాయపు పన్ను తెచ్చారు. ప్రజల్లో, ముఖ్యంగా డబ్బున్న వర్గాల్లో గగ్గోలు పుట్టింది. 1865లో ఎత్తేశారు. మళ్ళీ 1869లో తెచ్చి 1873లో తీసేశారు. 1878లో వృత్తి, వ్యాపారాల మీద లైసెన్సు పన్ను వేస్తే సూరత్ పట్టణంలో అల్లర్లు జరిగాయి. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. గట్టిగా అరవగలిగిన వారి మీద పన్ను వస్తూ పోతూ ఉంది. అరవలేని వారి మీద ఉన్న శిస్తు, ఉప్పు పన్ను మాత్రం కదలలేదు. కోపం అందరికీ వస్తుంది, కానీ అందరి కోపమూ ఖజానాకు వినిపించదు.

1870లో వైస్రాయ్ మేయో రాష్ట్రాలకు కొన్ని శాఖలు, కొంత స్థిరమైన సొమ్ము అప్పగించారు. అక్కడి నుంచి ఒక్కొక్క మెట్టుగా రాష్ట్రాలకు ఆర్థిక అధికారం ఎలా వచ్చిందో అంబేద్కర్ ఆ గ్రంథంలో వివరించారు. చివరికి ఆయన తేల్చింది ఇది: ప్రజలతో సంబంధం లేని ప్రభుత్వం, ప్రజలకు జవాబు చెప్పనక్కరలేని ప్రభుత్వం, లెక్కలు ఎంత బాగా రాసినా ప్రజల మేలు కోసం ఖర్చు పెట్టలేదు. ఆ గ్రంథం పేరు మన హాస్టళ్ళలో ఎంతమందికి తెలుసు?

రూపాయి కథ

లండన్‌లో న్యాయశాస్త్రం, అర్థశాస్త్రం మొదలుపెట్టగానే స్కాలర్‌షిప్ గడువు ముగిసి 1917లో తిరిగి రావలసి వచ్చింది. సామాను పంపిన ఓడ యుద్ధంలో మునిగిపోయి, కూడబెట్టుకున్న పుస్తకాలు పోయాయి. ఒప్పందం ప్రకారం బరోడాలో ఉద్యోగంలో చేరితే, అంత చదివిన మనిషికి అద్దెకు గది దొరకలేదు. పార్శీ సత్రంలో ఉంటే కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. ఆ రోజు ఎంత బాధపడ్డారో ఆయనే తర్వాత రాసుకున్నారు. తర్వాత బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో అర్థశాస్త్రం ప్రొఫెసర్ అయ్యారు. జీతంలో మిగిల్చుకున్న డబ్బు, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం, ఒక స్నేహితుడి దగ్గర అప్పు కలిపి 1920లో మళ్ళీ లండన్ వెళ్ళారు. అర్ధాకలితో చదివారు. 1921లో ఎం.ఎస్‌సి., 1923లో డి.ఎస్‌సి. పట్టా పొందారు. ఆ పరిశోధనే 'రూపాయి సమస్య'.

రూపాయి విలువకూ పేదవాడికీ సంబంధం ఏమిటంటారా? ఇంగ్లండులో ఉన్న రిటైరైన అధికారుల పింఛన్లు, అప్పుల మీద వడ్డీలు ఏటా భారతదేశం పౌండ్లలో పంపాలి. మన రూపాయి వెండిది. 1873 నుంచి ప్రపంచంలో వెండి ధర పడిపోతూ వచ్చింది. రెండు షిల్లింగుల దరిదాపుల్లో ఉన్న రూపాయి ఇరవై ఏళ్ళలో సుమారు సగానికి దిగింది. అవే పౌండ్లు పంపడానికి ఎక్కువ రూపాయలు కావాలి. రూపాయలు ఎక్కువ కావాలంటే పన్నులు పెంచాలి. దేశంలో ఒక్క బడి ఎక్కువ కట్టకుండానే పన్ను పెరిగింది! 1893లో ప్రభుత్వం టంకశాలల్లో ప్రజల వెండికి నాణేలు ముద్రించడం ఆపేసింది. ఆ తర్వాత రూపాయి విలువ ప్రభుత్వం చేతిలోకి వెళ్ళింది. విలువ దించితే ఎగుమతి వ్యాపారికి లాభం, కానీ ధరలు పెరిగి కూలివాడి జీతం కరిగిపోతుంది. రూపాయి విలువ స్థిరంగా ఉండాలని, ఇష్టం వచ్చినట్టు నాణేలు పెంచే అధికారం ప్రభుత్వానికి ఉండరాదని అంబేద్కర్ వాదించారు. 1925లో భారత ద్రవ్య వ్యవస్థపై వేసిన హిల్టన్ యంగ్ కమిషన్ ముందు కూడా సాక్ష్యమిచ్చారు.

పద్నాలుగు అణాల చదువు

1924 జూలైలో ఆయన బహిష్కృత హితకారిణీ సభను స్థాపించారు. ఆ సభ చేసిన మొదటి పనుల్లో ఒకటి 1925 జనవరిలో షోలాపూర్‌లో వెనకబడ్డ కులాల విద్యార్థులకు హాస్టల్ తెరవడం. తిండి, బట్ట, పుస్తకాలు సభే చూసుకునేది. స్థానిక మునిసిపాలిటీ కొంత గ్రాంటు ఇచ్చింది. సభ 'సరస్వతీ విలాస్' పేరుతో విద్యార్థుల పత్రికను కూడా నడిపింది. హాస్టల్లో కూర్చుని పత్రికకు రాయడం మనతో మొదలైన పని కాదు తమ్ముళ్ళూ, దానికి ఇంత చరిత్ర ఉంది.

1927లో ఆయన బొంబాయి శాసనమండలిలో నామినేటెడ్ సభ్యుడిగా అడుగుపెట్టారు. ఫిబ్రవరిలో బడ్జెట్ మీద మాట్లాడుతూ పన్నుల్లో ఉన్న అన్యాయాన్ని బయటపెట్టారు. పట్నంలో ఏటా 2,000 రూపాయల లోపు సంపాదించే వాడికి ఆదాయపు పన్ను లేదు. కానీ పల్లెలో ఒక్క ఎకరం ఉన్న రైతు, తిండికి చాలినంత పండినా పండకపోయినా శిస్తు కట్టాలి. జమీందారుకూ అతనికీ ఒకే నియమం. ఇది ఏ న్యాయమని అడిగారు. పన్ను అనేది కట్టగలిగే శక్తిని బట్టి ఉండాలన్నది గురువు దగ్గర నేర్చుకున్న పాఠం. ఆయన దాన్ని బొంబాయి రైతు గడపకు తెచ్చారు.

మార్చిలో విద్యా పద్దు మీద మాట్లాడినప్పుడు రెండు అంకెలు పక్కపక్కన పెట్టారు. బొంబాయి రాష్ట్రంలో చదువు మీద ప్రభుత్వం పెడుతున్న తలసరి ఖర్చు 14 అణాలు. అదే రాష్ట్రంలో సారా, కల్లు మీద ఎక్సైజు రూపంలో ప్రభుత్వం జనం నుంచి లాగుతున్నది తలకు 2 రూపాయల 2 అణాల పైచిలుకు. తాగించి తీసుకున్నంత సొమ్మైనా చదువుకు తిరిగి ఇవ్వండని ఆయన కోరారు. పేద వర్గాలకు చదువు వీలైనంత చౌకగా అందాలన్నారు.

ఆ అంకెలు మొదటిసారి చదివినప్పుడు నేను లైబ్రరీలో పుస్తకం మూసేసి బయటికి వచ్చాను. మా నాన్న కూలీ. వారంలో నాలుగు రోజులు పని దొరికితే, అందులో ఒక రోజు కూలి సీసాకు పోతుంది. అమ్మ ఎన్నిసార్లు ఏడ్చిందో లెక్క లేదు. ఆ సీసా ధరలో పెద్ద భాగం పన్నే. అంటే మా నాన్న పెద్ద పన్ను చెల్లింపుదారు! ఆయనకు ఆ సంగతి తెలియదు, ఏ రసీదూ ఆయన చేతికి రాదు. సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా, సెల్ రీఛార్జి చేయించినా పన్ను కట్టే కొంటున్నాం. నేను హాస్టల్లో తిన్న అన్నంలో మా నాన్న కట్టిన పన్ను కూడా ఉంది. బస్సులో నేను తల దించుకోవలసిన అవసరం లేదని ఆ రోజు అర్థమైంది.

చౌదార్ చెరువు

ఇప్పుడు మనందరికీ తెలిసిన మహాడ్ సత్యాగ్రహాన్ని ఈ కళ్ళతో చూడండి. 1923 ఆగస్టులో బొంబాయి శాసనమండలి, ఎస్.కె. బోలే ప్రతిపాదన మీద ఒక తీర్మానం చేసింది. ప్రజల సొమ్ముతో కట్టిన, ప్రజల సొమ్ముతో నడిచే బావులు, చెరువులు, ధర్మశాలలు, బడులు, ఆసుపత్రులు అంటరానివారు కూడా వాడుకోవచ్చునన్నది దాని సారాంశం. మహాడ్ మునిసిపాలిటీ దాని ప్రకారం చౌదార్ చెరువును తెరుస్తున్నట్టు 1924లో తీర్మానించింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది, గట్టు మీద మూసే ఉంది.

1927 మార్చి 20న అంబేద్కర్ వేలాది మందితో నడిచి వెళ్ళి ఆ చెరువులో దోసిలి పట్టి నీళ్ళు తాగారు. తర్వాత అగ్రవర్ణాలవారు దాడి చేశారు, చాలామంది గాయపడ్డారు. చెరువు మైలపడిందని 108 కుండల నీళ్ళు తోడి శుద్ధి చేశారు. మునిసిపాలిటీ తన తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. కేసు కోర్టుల్లో పదేళ్ళు నడిచింది. 1937లో బొంబాయి హైకోర్టు అంటరానివారి పక్షాన తీర్పు చెప్పింది.

మహాడ్ ఆత్మగౌరవ పోరాటం. అదే సమయంలో అది ప్రజల సొమ్ము మీద హక్కు పోరాటం కూడా. పన్ను వసూలు చేసేటప్పుడు రూపాయికి అంటు లేదు. ఆ రూపాయితో నడిచే చెరువు దగ్గరికి వచ్చేసరికి అంటు ఎక్కడి నుంచి వచ్చింది?

తర్వాతి సంవత్సరాల్లో కూడా ఆయన పోరాటం ఈ దారినే సాగింది. కొంకణ్‌లో రైతుల దగ్గర శిస్తు వసూలు చేసి మధ్యలో మిగుల్చుకునే ఖోతీ పద్ధతిని రద్దు చేయాలని 1937లో బిల్లు పెట్టారు. 1938 జనవరిలో వేలాది రైతులతో బొంబాయి కౌన్సిల్ హాలుకు ఊరేగింపు నడిపారు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూశారు. షెడ్యూల్డు కులాల చదువుకు కేంద్ర ఖజానా నుంచి సొమ్ము కేటాయించాలని పట్టుబట్టారు. మెట్రిక్ తర్వాత చదువుకు స్కాలర్‌షిప్‌లు 1944లో మొదలయ్యాయి. ఇంటర్ నుంచి ఎం.ఎ. దాకా నన్ను నిలబెట్టిన స్కాలర్‌షిప్ మూలం అక్కడుంది.

రాజ్యాంగంలో ఖజానా తాళాలు

1947 ఆగస్టు 29న రాజ్యాంగ ముసాయిదా సంఘం ఏర్పడింది, అంబేద్కర్ దానికి అధ్యక్షులయ్యారు. ప్రాథమిక హక్కులు మనకు కంఠతా వచ్చు. ఖజానాకు వేసిన తాళాల సంగతి ఎక్కువమందికి తెలియదు. 265వ అధికరణం ప్రకారం చట్టం లేకుండా ఏ పన్నూ వేయకూడదు, వసూలు చేయకూడదు. 266వ అధికరణం ప్రకారం వచ్చిన ఆదాయం సంచిత నిధిలో చేరాలి, చట్టం ప్రకారం తప్ప ఆ నిధి నుంచి పైసా తీయకూడదు. 292వ అధికరణం కేంద్రం చేసే అప్పులకు పార్లమెంటు చట్టం ద్వారా హద్దు పెట్టే వీలు కల్పించింది. రాజ్యాంగ సభలో దీని మీద చర్చ వచ్చినప్పుడు, పార్లమెంటు ఈ అధికారాన్ని వాడుకుని అప్పులకు పరిమితి విధిస్తుందన్న ఆశ అంబేద్కర్ వ్యక్తం చేశారు. లోటును అదుపు చేసే ద్రవ్య బాధ్యత చట్టం వచ్చింది 2003లో. ఆశకూ చట్టానికీ మధ్య అర్ధశతాబ్దం దాటింది.

148వ అధికరణం కింద కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ పదవి ఉంది. ప్రభుత్వం పెట్టే ప్రతి ఖర్చునూ తనిఖీ చేసే అధికారి ఆయన. 1949లో దీని మీద మాట్లాడుతూ అంబేద్కర్, రాజ్యాంగంలో బహుశా ఇంతకన్నా ముఖ్యమైన అధికారి లేడని, ఆయన బాధ్యత న్యాయవ్యవస్థ బాధ్యత కన్నా పెద్దదని అభిప్రాయపడ్డారు. కోర్టు కన్నా లెక్కలు చూసేవాడు ముఖ్యమా అని ఆశ్చర్యపోవచ్చు. గోరేగావ్ దారిలో దాహంతో పడుకున్న క్యాషియర్ కొడుకుకు అది ఆశ్చర్యం కాదు. ప్రభుత్వ ఖర్చుకు నిజాయితీ, వివేకం, పొదుపు అనే మూడు కొలతలు ఉండాలని ఆయన చెప్పినట్టు మా అర్థశాస్త్రం తరగతుల్లో పాఠం చెప్తారు. నిబంధన ప్రకారం ఖర్చు చేస్తే చాలదు, తెలివిగా, తగినంతే, చెప్పిన పనికే ఖర్చు చేయాలి.

1951లో ఆయన కేంద్ర న్యాయశాఖ మంత్రి పదవికి రాజీనామా చేశారు. అప్పటి హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న ఔరంగాబాదులో ఆయన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ 1950లో కాలేజీ తెరిచింది. 1953 జనవరిలో మన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1956 అక్టోబరులో నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించి, ఆ డిసెంబరు 6న ఢిల్లీలో కన్నుమూశారు.

మనం అడగవలసిన లెక్క

తమ్ముళ్ళూ, పన్నుల మీద, అప్పుల మీద జనానికి కోపం రావడం తప్పు కాదు. బాబాసాహెబ్‌కూ ఆ కోపం ఉంది. కానీ ఆయన ఆ కోపాన్ని చదువుగా మార్చారు. ఎంత వసూలు చేశారు అని అడిగి ఊరుకోలేదు. ఎవరి దగ్గర వసూలు చేశారు, ఎవరి కోసం ఖర్చు పెట్టారు, అడిగే హక్కు ఎవరికి ఉంది అని కూడా అడిగారు. ఈ మూడూ అడగకపోతే కోపం దారి తప్పుతుంది. కంపెనీ వాటాదారుల మీద రావలసిన కోపం పక్క సీట్లో కూర్చున్న హాస్టల్ కుర్రాడి మీదకు వస్తుంది.

మనకూ బాధ్యత ఉంది. మన మీద పెట్టే ప్రతి రూపాయీ ఏదో ఒక కూలి చెమట. అది వృథా అయితే ముందు అడగవలసింది మనమే. బోర్డు మీద రాసిన మెనూ, కంచంలోకి వచ్చే మెనూ ఒకటేనా అని అడగడం దురుసుతనం కాదు. మన హాస్టల్‌కు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయిందో తెలుసుకోవడానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. తెల్లకాగితం మీద దరఖాస్తు రాయడం వస్తే చాలు. మర్యాదగా అడగండి, కాగితం మీద అడగండి, అంకెలతో అడగండి. ఆయన అలాగే అడిగారు. చదవడమే మానేసి పరీక్ష తప్పితే ఆ లెక్కలో మన పేరు కూడా ఉంటుందని మరిచిపోవద్దు.

మా ఇంట్లో డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాణ్ణి నేనే. ఆ రోజు మా నాన్న ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, ఇదంతా ఎంతయిందిరా అని అడిగాడు. సర్కారు పెట్టుకుందిలే నాన్నా అన్నాను. ఇప్పుడైతే అలా అనను. నువ్వు కూడా పెట్టావు నాన్నా, నీకు తెలియకుండా పెట్టావు అని చెప్తాను. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు ఆ మాట చెప్పాలి. ఆ సీసా సంగతి కూడా మాట్లాడాలి.

ఆ బస్సు పెద్దమనిషి మళ్ళీ కనిపిస్తే ఈసారి తల దించుకోను. ఆయన పక్కనే కూర్చుని, రండి పెద్దయ్యా, లెక్క ఇద్దరం కలిసే అడుగుదాం అంటాను.